ఓడలో త్రాగునీరు: కనబడని వెలుగు చేయు కాపలా



కొన్ని వారముల క్రిందట తొమ్మిదవ తరగతిలో పాఠము ముగియవచ్చిన వేళ ఒక బాలుడు లేచి నన్నొక ప్రశ్న యడిగెను. అతని పెదనాయన కుమారుడు న్హావా శేవా రేవునుండి సరకుల ఓడ యెక్కి దేశదేశములు తిరుగుచుండునట. "సార్, మా అన్న నెలల తరబడి ఓడలోనే ఉంటడు. చుట్టూ ఉప్పునీళ్ళే గదా! తాగే నీళ్ళు ఎక్కడివి? అన్ని దినాలు అవి పాడైపోవా?" అని యతడు ప్రశ్నించెను. నేను తెలుగు చెప్పువాడను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. అందుచే నాడు "చదివి చెప్పెదను" అని మాట యిచ్చితిని. ఆ మాట చెల్లించుటకే యీ వ్యాసము.

"మరమగ్గముల ఊరివారికి ఓడల ముచ్చట యేల?" యని మీలో కొందరు తలంపవచ్చును. కాని మన భివండీ పూర్వము రేవుపట్టణము. 1657లో శివాజీ మహారాజు కల్యాణ్, భివండీలను వశపరచుకొని, మనము ఖాడీ యని పిలుచు ఈ సముద్రపు పాయల యొడ్డుననే తన నౌకాబలమునకు పునాది వేసెను. అంతేకాదు, ఓడలో నీటిని కాపాడు విధము తెలిసినవానికి, మన యింటిలోని నీటిని కాపాడు విధమును తెలియును. అది యెట్లో చివర చెప్పెదను.

1. సముద్రజలము ఏల త్రాగరాదు?

ఒక లీటరు సముద్రజలమున సగటున 35 గ్రాముల లవణములుండును. దేహములో చేరిన ఉప్పును మూత్రపిండములు మూత్రము ద్వారా వెలుపలికి పంపును. కాని సముద్రమంత ఉప్పదనము గల మూత్రమును అవి తయారు చేయజాలవు. కావున ఒక గ్లాసెడు సముద్రజలము త్రాగినవాడు, దానిలోని ఉప్పును బయటికి పంపుటకు గ్లాసెడు కంటె నెక్కువ నీటిని తన దేహమునుండియే పోగొట్టుకొనును. దాహము తీరుటకు మారుగా పెరుగును. ఇట్లు నీటి నడుమ నుండియు నీరు లేనివాడు నావికుడు.

2. వెనుకటి ఓడలు

ఓడవారు పూర్వము రేవులో మంచినీటిని కొయ్యపీపాలలో నింపుకొని పయనించెడివారు. దినములు గడచిన కొలది ఆ నీరు పాచిపట్టి వాసన కొట్టెడిది. అట్టి ఓడలలో మనవారును పయనించిరి. 1860 అక్టోబరు మాసమున మద్రాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో యను ఓడ, చెరకు తోటల పనికి ఒప్పందముపై పోవుచున్న 342 మందితో, నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. వారిలో తమిళులతో పాటు తెలుగువారును ఉండిరి. పది దినముల పిమ్మట కలకత్తా నుండి వచ్చిన బెల్వెడీర్ అను ఓడలో కలరా ప్రబలెను. 1911 వరకు ఇట్లు నేటాలు సీమకు పోయినవారు లక్షా యేబదిరెండు వేలమందికి పైబడిరి. మన తాతలు కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల నుండి మగ్గమును నమ్ముకొని ఈ పట్టణమునకు వచ్చినట్లే, వారును పొట్టకూటికై సముద్రము దాటిరి.

ఆనాటి ఓడవైద్యునకు కలరా యెట్లు పుట్టునో, ఎట్లు ప్రాకునో తెలియదు. జాన్ స్నో యను వైద్యుడు 1854లో లండను నగరమున, కలరా నీటి ద్వారా వ్యాపించునని చూపెను. కాని పెక్కుమంది నమ్మలేదు. ఆ యేటనే ఇటలీ దేశీయుడగు పచీని సూక్ష్మదర్శినిలో ఆ క్రిమిని చూచెను. ఆతని మాటయు చాలకాలము మరుగునపడి యుండెను. 1884లో రాబర్ట్ కాఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాకు వచ్చి, ఆ క్రిమిని వేరుచేసి నిరూపించిన పిమ్మటనే లోకమునకు నమ్మకము కుదిరినది. కంటికి తేటగా కనబడు నీరు మంచినీరు కానక్కరలేదను సత్యమును మానవుడు ఇన్ని ప్రాణములు పోయిన పిమ్మట నేర్చుకొనెను.

3. నేటి ఓడకు నీరు వచ్చు మార్గములు

నేటి ఓడకు మంచినీరు మూడు మార్గముల వచ్చును.

మొదటిది రేవు. ఓడ రేవులో నిలిచినపుడు రబ్బరు గొట్టముల ద్వారా నీటిని ఓడ తొట్లలోనికి ఎక్కింతురు.

రెండవది బాష్పీకరణము. ఓడ యంత్రమును చల్లబరచు నీరు దానిని చుట్టివచ్చునప్పటికి మిక్కిలి వేడెక్కి యుండును. ఆ వేడిని వృథాపోనీయక దానితో సముద్రజలమును మరగింతురు. ఆ పాత్రలోని గాలిని చాలవరకు తీసివేయుటచే నీరు 100 డిగ్రీలకు చేరకయే, 50 డిగ్రీల ప్రాంతముననే ఆవిరియగును. ఆ ఆవిరి చల్లబడి మంచినీరగును, ఉప్పు వెనుక నిలిచిపోవును. ఇచ్చట మీరొక సంగతి గమనింపవలెను. నీరు మరగినది గదా, క్రిములు చచ్చియుండునని మనమనుకొందుము. కాని క్రిములను చంపునది మరుగు కాదు, వేడి. 50 డిగ్రీల వేడిలో క్రిములన్నియు చచ్చునను పూచీ లేదు. అందుచేతనే రేవులలోను, తీరమునకు చేరువగాను, మురికినీరు కలియు చోట్లను ఈ విధముగా త్రాగునీటిని తయారుచేయరాదని ఓడవారు నియమము పాటింతురు.

మూడవది పొర ద్వారా వడపోత. సముద్రజలమును గొప్ప ఒత్తిడితో సన్నని పొరగుండ నెట్టుదురు. నీరు దాటును, లవణములు చాలవరకు ఆగిపోవును.

ఏ మార్గమున వచ్చినను నీరు వెంటనే త్రాగబడదు. తొట్లలో దినముల తరబడి నిలువయుండును. అచ్చటనే అపాయము పొంచియుండును. గొట్టము నేలపై పడి మట్టియంటి యుండవచ్చును. తొట్టి గోడకు పగులు వచ్చి పక్కనున్న మురికినీరు లోనికి ఊరవచ్చును. మంచినీటి గొట్టమును ఎవరో తెలియక వేరొక గొట్టముతో కలిపియుండవచ్చును. 1970 మొదలు 2003 వరకు ఓడలతో సంబంధించిన రోగవ్యాప్తులను పరిశీలింపగా నూటికి పైగా తేలినవనియు, వానిలో రమారమి ఐదవవంతు నీటివలన కలిగినవనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. ఆ సంస్థ ఓడల పారిశుద్ధ్యమునకై 1967లో ఒక మార్గదర్శక గ్రంథమును ప్రకటించి, 2011లో దాని మూడవ కూర్పును వెలువరించినది.

నడిసముద్రమున వైద్యాలయముండదు. ఇరువదిమంది నావికులు గల ఓడలో పదిమందికి విరేచనములు పట్టుకొన్నచో ఓడ నడుపువాడెవ్వడు? కావున నీరు కొళాయికి చేరుటకు కొంచెము ముందుగా మరియొక కాపలాదారుని నిలుపుదురు. ఆ కాపలాదారుడే కనబడని వెలుగు.

4. కనబడని వెలుగు

ఇంద్రధనుస్సులో ఎరుపు మొదలు ఊదా వరకు గల రంగులను మీరు చూచియున్నారు. ఊదా రంగునకు అవతల కంటికి కనబడని కిరణములు కలవని 1801లో రిట్టర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. వానినే అతినీలలోహిత కిరణములందురు. వెలుగు అలలవలె పయనించును. ఆ అల పొడవును నానోమీటర్లలో కొలుతురు. ఒక మీటరును నూరుకోట్ల భాగములు చేసిన అందొక భాగము నానోమీటరు. మన కన్ను రమారమి 400 మొదలు 700 నానోమీటర్ల అలలను చూడగలదు. 400కు లోబడినవి అతినీలలోహితములు. వానిలో 200 మొదలు 280 వరకు గలవి క్రిములకు మిక్కిలి హానికరములు. సూర్యునియందు ఇట్టి కిరణములు కలవు గాని, పైనున్న ఓజోను పొర వానిని మన వరకు రానీయదు. కావున వానిని దీపముతో పుట్టింపవలెను.

సూర్యకాంతికి క్రిములను అణచు శక్తి కలదని 1877లో డౌన్స్, బ్లంట్ అను ఇరువురు ఆంగ్లేయులు ప్రయోగపూర్వకముగా చూపిరి. పాదరసపు ఆవిరిలో విద్యుత్తును ప్రవహింపజేసి వెలిగించు దీపములు వచ్చిన పిమ్మట, 1910లో ఫ్రాన్సు దేశపు రేవుపట్టణమగు మార్సేయిలో పట్టణపు నీటిని ఈ కిరణములతో శుద్ధిచేయ యత్నించిరి. ఇట్టి పాదరసదీపము ముఖ్యముగా 253.7 నానోమీటర్ల వెలుగు నిచ్చును. క్రిములను చెరచుటకు ఆ కొలత మిక్కిలి అనువైనది.

అది క్రిమిని ఎట్లు చెరచును? మీకు తెలిసిన పోలికతో చెప్పెదను. ప్రతి జీవకణమునందును డి.ఎన్.ఏ. యను పొడవైన పోగు కలదు. నేతగానికి నమూనా యెట్టిదో కణమునకు ఆ పోగు అట్టిది. దానిని చూచియే కణము తనవంటి మరియొక కణమును తయారు చేయును. సాంచ మీద ప్రక్కప్రక్కనున్న రెండు పడుగు పోగులు గంజివలన అంటుకొన్నచో ఏమగును? పేక సరిగా సాగదు, బట్ట చెడును, సాంచ ఆపవలసి వచ్చును. ఈ కిరణము తగిలినపుడు డి.ఎన్.ఏ.లో ప్రక్కప్రక్కనున్న థైమీను అను అంశములు అట్లే ఒకదానికొకటి అంటుకొనును. ఇక నమూనా చదువబడదు, క్రిమి వృద్ధిపొందజాలదు. వృద్ధిపొందని క్రిమి కడుపులోనికి పోయినను రోగము కలిగింపజాలదు. ఇందు మందు కలుపుట లేదు, నీటి రుచి మారదు, వాసన రాదు.

5. ఓడలోని దీపము

ఓడలో ఈ దీపమును ఉక్కుతో చేసిన గొట్టమునందు అమర్తురు. నీరు తొట్టినుండి పంపు ద్వారా వచ్చి, వడపోత గుండ పోయి, పిమ్మట ఆ గొట్టములో దీపము చుట్టును ప్రవహించి కొళాయిలకు పోవును. దీపము నీటిలో తడియకుండ దానికొక తొడుగుండును. ఆ తొడుగు మామూలు గాజుది కాదు, క్వార్ట్జుది. మామూలు గాజు ఈ కిరణములను తనయందే అణచివేయును.

నీటికి తగిలిన వెలుగు మోతాదు రెండింటిపై ఆధారపడును: వెలుగు తీవ్రత, అది తగిలిన కాలము. ఈ రెంటిని హెచ్చవేసిన మోతాదు వచ్చును. త్రాగునీటికి చదరపు సెంటీమీటరునకు 40 మిల్లీజౌళ్ళ మోతాదును సాధారణముగా ప్రమాణముగా తీసికొందురు. నీరు దీపముచెంత కొన్ని సెకనులు మాత్రమే యుండినను ఆ మోతాదు అందును. కాని పంపు వేగమును హద్దుమీరి పెంచినచో కాలము తగ్గి మోతాదును తగ్గును. క్లోరినుకు సులభముగా లొంగని క్రిప్టోస్పోరిడియము అను జీవియు ఈ వెలుగునకు లొంగును. ఎడినోవైరసు వంటి కొన్ని మాత్రము ఎక్కువ మోతాదును కోరును.

6. కాపలాదారునకు గల హద్దులు

ఇంతటి మేలు చేయు దీపమునకును హద్దులు కలవు. ఈ వ్యాసమున ముఖ్యముగా గ్రహింపవలసినవి ఇవియే.

మొదటిది, నీరు తేటగా నుండవలెను. మట్టి రేణువు చాటున దాగిన క్రిమిపై వెలుగు పడదు. అందుచేతనే దీపమునకు ముందు వడపోత యుంచుదురు.

రెండవది, తొడుగు శుభ్రముగా నుండవలెను. నీటిలోని సున్నము దానిపై పేరుకొన్నచో వెలుగు నీటివరకు రాదు.

మూడవది, దీపమునకు ఆయువు కలదు. సాధారణముగా ఎనిమిది, తొమ్మిది వేల గంటలు, అనగా రమారమి ఒక సంవత్సరము వెలిగిన పిమ్మట దానిని మార్చవలెను. ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. మా యింట ఇట్టి యంత్రమొకటి కలదు. దీపము నీలముగా వెలుగుచున్నది గదా యని రెండు సంవత్సరములకు పైగా దానిని మార్చలేదు. ఒక వర్షకాలమున మా చిన్నమ్మాయికి వాంతులు, విరేచనములు పట్టుకొని రెండు దినములు వైద్యాలయమున నుంచవలసి వచ్చినది. "ఇంట్లో ఏ నీళ్ళు తాగుతున్నరు సార్?" అని వైద్యుడడుగగా, "యంత్రపు నీరు" అని గర్వముగా చెప్పితిని. "దీపం ఎప్పుడు మార్చినరు?" అని యాయన మరల నడుగగా నాకు నోట మాట రాలేదు. జబ్బు ఆ నీటివలననే వచ్చినదని నేను నిశ్చయముగా చెప్పజాలను. కాని ఆనాడు నేర్చినదేమన, కంటికి కనబడు నీలపువెలుగు క్రిములను చెరచు వెలుగు కాదు. కనబడని వెలుగు క్షీణించిన పిమ్మటను కనబడునది వెలుగుచునే యుండును. అందుచే మంచి ఓడలలో ఆ వెలుగును కొలుచు సాధనము నమర్చి, దీపము వెలిగిన గంటలను పుస్తకమున వ్రాసికొందురు.

నాలుగవది, ఈ వెలుగు తన ముందు పోవు నీటిని మాత్రమే శుద్ధిచేయును. దాటిపోయిన నీటికి తోడుపోదు. క్లోరిను నీటితోబాటు గొట్టములలో ప్రయాణించి కొంతదూరము కాపాడును. దీపము అట్లు చేయజాలదు. దీపము దాటిన పిమ్మట మురికి పాత్రలో పట్టిన నీరు మరల చెడును. కావుననే పెక్కు ప్రయాణికుల నౌకలలో కొళాయి వద్ద సైతము నీటిలో కొంచెము క్లోరిను మిగిలియుండునట్లు చూతురు.

ఐదవది, ఈ వెలుగు క్రిములను చెరచును గాని కరిగియున్న పదార్థములను తీసివేయదు. నల్లగొండ నుండి వచ్చిన కుటుంబములవారికి ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగుట తెలియును. ఆ ఫ్లోరైడును ఈ దీపము తొలగింపదు. రంగుల కార్ఖానాల నీరు కలిసినచో ఆ రంగునుగాని, రసాయనమునుగాని తొలగింపదు.

ఇంకొక హెచ్చరిక: ఈ దీపమును తొడుగు విప్పి నేరుగా చూడరాదు. కంటికిని చర్మమునకును హాని కలుగును.

7. ఓడనుండి పల్లెకు

ఈ విద్య ఓడలకును నగరములకును మాత్రమే పరిమితము కాలేదు. 1992లో మన దేశమున కొత్తరకపు కలరా పుట్టి ప్రబలినపుడు, ముంబయిలో జన్మించి అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేయుచున్న అశోక్ గాడ్గిల్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, పల్లెటూళ్ళకు పనికివచ్చు చౌకయంత్రమును గూర్చి యోచించెను. ఆయన దీపమును నీటిలో ముంచక, ప్రవహించు నీటిపైన వ్రేలాడదీసెను. అందుచే తొడుగు అక్కరలేదు, దానిపై సున్నము పేరుకొనుటయు లేదు. నిమిషమునకు 15 లీటర్ల నీటిని శుద్ధిచేయు ఆ యంత్రమునకు రమారమి 60 వాట్ల విద్యుత్తు చాలును. నీరు తన బరువుతోనే పారును, ఒత్తిడి పంపు అక్కరలేదు. ఆ పద్ధతితో నడచు నీటి కేంద్రములు ఆంధ్రదేశమున బొమ్మినంపాడు మొదలగు గ్రామములందు వెలసినవి. ఒక మహారాష్ట్రుని యోచన తెలుగు పల్లెల దాహమును తీర్చినదని తలచుకొనుట ఈ గడ్డపై తెలుగు చదువుకొను మనకు సంతోషకరము.

8. మన యిల్లును ఒక ఓడయే

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వత్తము. ఓడలో నీరు ఎల్లవేళల ప్రవహించి రాదు. దొరికినచోట పట్టి, తొట్టిలో దాచి, దినదినము వాడుకొందురు. మన వాడలలో జరుగునది అదియే గదా! కొళాయి వచ్చిన వేళ పట్టి డ్రమ్ములలో నింపుకొందుము. లేనిచో ట్యాంకరు నీటికై నిలుతుము. ట్యాంకరు గొట్టము నేలపై ఈడ్చుకొని వచ్చుట, మూతలేని డ్రమ్ము, చేయి ముంచి నీరు తీయుట: ఓడలో నిషేధింపబడిన వన్నియు మన యింట జరుగుచున్నవి. ఓడకు నాయకుడు కలడు, తనిఖీ కలదు, వ్రాతపుస్తకము కలదు. మన యింటికి ఆ నాయకులు మీరే కావలెను.

యంత్రము కొనగలవారు కొందురు, కొనలేనివారు దిగులుపడవలదు. డ్రమ్మును వారమునకొకసారి రుద్ది కడిగి మూత పెట్టుడు. నీటిని గుడ్డతో వడగట్టి, తెర్లిన పిమ్మట ఒక నిమిషము మరగనిచ్చి, అదే పాత్రలో మూతపెట్టి చల్లార్చుడు. పొడవైన కాడగల గరిటెతో నీరు తీయుడు. ఎండ బాగుగానున్న దినములలో, రెండు లీటర్లకు మించని తేటయైన ప్లాస్టిక్ సీసాలలో వడగట్టిన నీటిని నింపి ఆరు గంటలు ఎండలో పరుండబెట్టినను సూర్యకిరణములు క్రిములను చాలవరకు అణచును. కాని మన జబ్బులు ఎక్కువగా వచ్చునది మబ్బుపట్టిన వర్షకాలముననే. అప్పుడు పొయ్యినే నమ్ముకొనవలెను. యంత్రము గలవారు దీపము మార్చిన తేదీని దానిపైననే వ్రాసి అంటించుడు. మా యింట నేనిప్పుడట్లే చేయుచున్నాను; ఆ తేదీ చూచు పని మా చిన్నమ్మాయిదే.

ప్రశ్న యడిగిన బాలునకు నా జవాబిది: నాయనా, మీ అన్న త్రాగు నీరు చెడిపోకుండుట దానంతటది జరుగుట లేదు. వడపోత, వెలుగు, క్లోరిను, శుభ్రమైన తొట్టి, వానిని దినదినము చూచు మనిషి, ఇన్ని కాపలాలు కలిసి కాపాడుచున్నవి. వీనిలో ఏ ఒక్కటి నిద్రించినను మిగిలినవాని శ్రమ వ్యర్థమగును.

అభ్యాసము

1. ఓడలో 50 డిగ్రీల వద్ద మరగించిన నీటిని ఏల పూర్తిగా నమ్మరాదు?
2. పడుగు పోగుల పోలికను మీ సొంతమాటలలో వివరింపుడు.
3. అతినీలలోహిత దీపము చేయగల పని యొకటియు, చేయజాలని పనులు రెండును వ్రాయుడు.
4. మీ యింట నీరు కొళాయినుండి నోటివరకు వచ్చు దారిని గీచి, అది ఎచ్చటెచ్చట చెడగలదో గుర్తింపుడు. దానిని మీ అమ్మకు చూపి, ఒక చోటనైనను మార్పు చేసి, ఆ సంగతి తరగతిలో చెప్పుడు.